వెలుతురు కోసం ఆపిన రాయి

మార్కాపురంలో నా స్టూడియో బోర్డు మీద నా పేరు కింద ఇంకో వరుస ఉంటుంది. "జర్మనీ సినిమాటోగ్రాఫర్ వద్ద పనిచేసిన అనుభవం." ఆ అక్షరాలు నా పేరుకన్నా పెద్దవి. ఆయన దగ్గర నేను పనిచేసింది తొమ్మిది రోజులు. అందులో రెండు రోజులు ఆయనకి విరేచనాలు. మిగిలిన ఏడు రోజుల్లో నేను ముఖ్యంగా చేసినవి రెండు పనులు: గొడుగు పట్టుకోవడం, పెరుగన్నం తేవడం. ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే మిగతావాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పెళ్లివాళ్లకే తెలియదు.

బోర్డు గురించి నవ్వించడానికే అయితే ఇది రాయనక్కర్లేదు. నా వెనక ఊరు ఎలాగూ నవ్వుతూనే ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక సాయంత్రం మా బావ చేతికి నేను చెడ్డపేరు తెచ్చాను. మాపక్క పలకలు చీల్చేవాడికి చేతి పేరే ఆస్తి. దాన్ని పాడుచేసి, చాలా ఏళ్లు నోరు మూసుకుని, ఆ బోర్డు కింద కూర్చుని వ్యాపారం చేసుకున్నాను.

జర్మనీ ఆయన వాళ్ల దేశంలోని ఒక టీవీ కోసం రాళ్ల మీద కార్యక్రమం తీస్తూ మా ఊరు వచ్చాడు. బడిపిల్లల పలకలు ఎక్కడినుంచి వస్తాయో చూపించాలట. అరవై దాటిన మనిషి. లాడ్జి గుమ్మాలన్నీ ఆయన వంగి దండం పెట్టాల్సిన ఎత్తులోనే ఉండేవి. మెడలో నల్లతాడుకి వెలుతురు కొలిచే లైట్ మీటరు వేలాడేది. నేను పెళ్లిళ్లవాణ్ణి కదా, మొదటిసారి చూసినప్పుడు నాకది తాళిబొట్టులా కనిపించింది. స్నానానికి కూడా తీసేవాడు కాదేమో.

ఊళ్లో ఇంగ్లీషు తెలిసిన కెమెరామన్ కావాలని లాడ్జివాళ్లని అడిగితే వాళ్లు నన్ను చూపించారు. నా ఇంగ్లీషు గురించి నేనే ప్రచారం చేసుకుని ఉన్నాను. అదృష్టవశాత్తూ ఆయన ఇంగ్లీషూ అంతంతమాత్రమే. రెండు కుంటి ఇంగ్లీషులు ఒకదాన్నొకటి పట్టుకుని బాగానే నడిచాయి.

కారు మా ఊరి భాయ్‌ది. ఇంటినుంచి ఫోను వస్తే ఉర్దూ, మాతో తెలుగు, పోలీసులు ఆపితే రెండూ మర్చిపోయేవాడు. ఆ కారులో గిద్దలూరు వైపు, తర్లుపాడు వైపు గనుల దగ్గరికి తిరుగుతూ ఆయన తన బతుకంతా నాకు చెప్పాడు. నేను ముందుకి వంగి, కారు నడుపుతున్న భాయ్‌కి తెలుగులో చెప్పేవాణ్ణి.

పంతొమ్మిదేళ్లప్పుడు ఆయన ఒక సినిమా ల్యాబులో రీళ్లు కడిగే పనిలో చేరాడు. తర్వాత కెమెరా అసిస్టెంటు. ఏడేళ్లపాటు ఆయన పని టేపు పట్టుకుని కెమెరా నుంచి హీరోయిన్ ముక్కు దాకా ఎంత దూరమో కొలవడం.

"ఏడేండ్లు ముక్కు కొలిచినాడా?" అన్నాడు భాయ్. "మన బజార్లో టైలరు పిల్లోడు ఏడు నెలల్లో దుకాణం పెట్టినాడే!"

ఆ తర్వాత సొంతంగా సినిమా తీసే అవకాశం వచ్చింది. ఆ సినిమాలో ఒక మనిషి గంటన్నరసేపు మంచులో నడుస్తాడట. పేపర్లవాళ్లు ఫోటోగ్రఫీ అద్భుతం అని రాశారు. థియేటర్లో మాత్రం ఎవరూ లేరు. సినిమా బాగోలేదని మర్యాదగా చెప్పాలంటే ఫోటోగ్రఫీ బాగుందంటారని ఆయనే చెప్పి నవ్వాడు. ఇంకో రెండు సినిమాలు తీశాడు. ఒకదానికి బహుమతి వచ్చింది, అదే సినిమాతో నిర్మాత మునిగిపోయాడు. ఇంటి అద్దె కట్టాలి కాబట్టి టీవీకి పోయాడు. ఆదివారం సాయంత్రాలు వచ్చే పోలీసు సీరియల్. వారానికొక శవం. పన్నెండేళ్లు.

శవం అంటే బతికున్న నటుడే. ఊపిరి పీలుస్తాడు, పొట్ట కదులుతుంది. ఆ కదలిక కనిపించకుండా నీడ పడేలా లైటు పెట్టాలి. మా దేశంలో శవం మీద లైటు వెయ్యడంలో నన్ను మించినవాడు లేడు అని ఆయన చెప్పుకున్నాడు. గర్వమో దుఃఖమో నాకు తెలియలేదు. నాకు తెలిసిందల్లా, నాదీ అదే పని. తెల్లారుజామున ముహూర్తం, ముందురోజు నుంచి పస్తు ఉన్న పెళ్లికూతురు, ఆవలింత కనపడకుండా తియ్యాలి. ఆయనవి కదలకూడని ముఖాలు, నావి కదలలేని ముఖాలు.

పోలీసు సీరియల్ ఆగిపోయాక కొండల్లో ఒక డాక్టరు కథ, అందులో మనుషులకన్నా ఆవులు ఎక్కువ. అదీ ఆగిపోయాక ఈ రాళ్లు.

"అంత పెద్ద మొనగాడు ఇప్పుడు మన రాళ్ల దగ్గరికి వచ్చినాడంటే," అన్నాడు భాయ్, "నువ్వు రేపు యాడికి పోతావో చూసుకో అన్నా."

నాకు అదేమీ చెవికెక్కలేదు. కార్యక్రమం చివర పనిచేసినవాళ్ల పేర్లు వేస్తామని, నా పేరూ ఉంటుందని ఆయన చెప్పాడు. ఆ ఒక్క మాట విన్నప్పటినుంచి నేను నేల మీద లేను. అసిస్టెంట్ కెమెరామన్ అని నా పేరు జర్మనీ టీవీలో రావాలి. దానికోసం ఆయన అడిగిందీ, అడగనిదీ అన్నీ చేశాను. చెడిపోయింది ఆ అడగనిదాంట్లోనే.

మా బావ గురించి చెప్పాలి. మా అక్క మొగుడు. పెద్దారవీడు పక్క గొర్రెలు మేపుకునే ఇంటినుంచి వచ్చి మా నాయన చేతికింద పలకల పని నేర్చుకున్నాడు. నిజానికి అది నేను నేర్చుకోవాల్సింది. దుమ్ము పడదని చెప్పి నేను కెమెరా పట్టుకుని తప్పించుకున్నాను. బావ ఉలి పెట్టి సుత్తితో తట్టి, ఆ శబ్దం విని రాయి ఎక్కడ విడుతుందో చెప్పేవాడు. మా నాయన బతికున్న రోజుల్లో ఎవర్నీ మెచ్చుకున్నది లేదు. బావ పనిచేస్తుంటే మాత్రం పక్కన కూర్చుని ఏమీ అనకుండా బీడీ కాల్చుకునేవాడు. మా ఇంట్లో అంతకు మించిన మెప్పు లేదు.

గనిలోంచి తీసిన పలకరాతి దిమ్మలో తడి ఉంటుంది. ఆ తడి ఉన్నంతసేపే పొరలు విడతాయి. ఎండకీ గాలికీ పెడితే లోపల బిగుసుకుపోయి, దెబ్బ పడితే అడ్డంగా పగులుతుంది. అందుకే దిమ్మల మీద ఎప్పుడూ తడిపిన గోనెపట్టాలు కప్పి ఉంచుతారు. ఈ సంగతి ఆ వీధుల్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. తెలియక చేశాను అనే సాకు నాకు లేదు.

ఆ ఏడు ఫ్యాక్టరీలో పాత మేస్త్రి మానుకుంటున్నాడు. ఓనరు దగ్గర మంచమంత దిమ్మ ఒకటి ఉంది. దాన్ని ముక్క చెడకుండా పెద్ద పెద్ద పలకలుగా చీల్చి పంపాలి. చీల్చి చూపిస్తే మేస్త్రి పని నీదే అని బావతో అన్నాడు. బావకి అప్పటికే మోకాళ్లు పట్టేస్తున్నాయి. రోజంతా గొంతుక్కూర్చుని చేసే పనినుంచి నిలబడి చేయించే పనికి మారడం అతనికి ఎంత అవసరమో మా అక్క నాకు పదిసార్లు చెప్పింది. పదకొండోసారి చెప్పబోతుంటే నేనే ఒక ఉపాయం చెప్పాను. జర్మనీ ఆయన కెమెరా ముందు బావ ఆ దిమ్మ చీలుస్తాడు, ఓనరు చూస్తాడు, ప్రపంచం చూస్తుంది. అక్క మురిసిపోయింది. నేను ఇంకా ఎక్కువ మురిసిపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం జర్మనీ ఆయన రేకుల షెడ్డు అంతా తిరిగి, మీటరు పెట్టి చూసి, అయిదు గంటలకి ఎండ రేకు కిందనుంచి ఏటవాలుగా లోపలికి వస్తుంది, అప్పుడు తీద్దాం అన్నాడు. దుమ్ము లేవకుండా మిగతా పనివాళ్లని ఓనరు అవతలి షెడ్డుకి పంపాడు. జర్మనీ ఆయన వేపచెట్టు కింద కుర్చీలో వాలి టోపీ ముఖం మీద పెట్టుకున్నాడు. భాయ్ కారులో గుర్రుపెట్టాడు. షెడ్డులో నేనూ, బావా, దిమ్మా మిగిలాం.

నేను పెళ్లిళ్ల కెమెరామన్‌ని. ఇరవై ఏళ్లుగా నా కంటికి అలవాటైన పని ఒకటే, ఫ్రేములో చెత్త తీసెయ్యడం. చెప్పులు, బకెట్లు, చీపుర్లు, బనీనుతో తిరిగే బాబాయిలు. బావని చూశాను. ఒళ్లంతా రాతిపొడి, చిరిగిన బనీను, వారం గడ్డం.

"ఈ అవతారంతో జర్మనీ టీవీలో కూర్చుంటావా బావా? ఇంటికి పోయి గడ్డం గీక్కొని, తానం చేసి, తెల్లచొక్కా ఏసుకొని రా."

"రాయి చీల్చేదానికి తెల్లచొక్కా ఏందిరా?"

"నువ్వు రాయి సంగతి చూసుకో. నీ సంగతి నేను చూసుకుంటా."

బావ వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ గోనెపట్టాల మీద ఒక బిందె నీళ్లు పోసి, "ఇవి తియ్యబాకు, నేను వచ్చినాక తీస్తా" అన్నాడు.

రెండు నిమిషాల్లో తీసేశాను. ఏం చెయ్యను, అవి అంత అసహ్యంగా ఉన్నాయి. తడిసి, మురికిగా, ఒక మూల ఎరువు కంపెనీ బొమ్మ. జర్మనీ వాళ్లు మా ఊరి గురించి ఏమనుకుంటారు? వాటిని ఈడ్చి గోడ వెనక పారేశాను. దిమ్మ నున్నగా, నల్లగా, పెళ్లిపీట లాగా కనిపించింది. రేకుల కింద ఆ వేడికి మనిషే ఎండిపోతాడు. దిమ్మ మూడింటినుంచి అయిదు దాకా అట్లాగే ఉంది. మధ్యలో ఒకసారి నీళ్లు పోద్దామా అనిపించింది. పోస్తే కింద బురదవుతుంది, ట్రైపాడ్ జారుతుంది అని ఊరుకున్నాను.

అయిదింటికి జర్మనీ ఆయన లేచి వచ్చాడు. గోనెపట్టాలు ఏవని అడిగాడు. వాటి మీద పడే వెలుతురు నచ్చిందట. "క్లీన్ సార్, క్లీన్" అన్నాను. ఆయన ఏదో అనబోయి, ఎండ వచ్చేస్తోందని కెమెరా దగ్గరికి పోయాడు. అంతలో బావ వచ్చాడు. తెల్లచొక్కా, నున్నటి గడ్డం, ముఖాన పౌడరు. పౌడరు మా అక్క పని. జర్మనీ ఆయన బావని చూసి నా వైపు చూశాడు. రోజూ ఇట్లాగే ఉంటాడు సార్ అన్నాను.

నిగనిగ కనపడాలని బావ రాకముందే దిమ్మ మీద పైపైన చెంబెడు నీళ్లు చల్లి ఉంచాను. బావ దగ్గరికి వచ్చేసరికి అది తడితడిగా మెరుస్తోంది. అతను కూర్చుని, ఉలి పెట్టి, మెల్లగా తట్టి తల పక్కకి వంచి విన్నాడు.

"శబ్దం తేడాగా ఉంది రా. బిగిసినట్టుంది. పట్టాలు ముందే తీసినావా?"

"లేదు బావా. ఇప్పుడే తీసినాం. తడి చూడు ఎట్ల ఉండాదో."

"ఒక్క నిమిషం ఆగమను. పక్కనుంచి చూస్తా."

"రోలింగ్ బావా! ఆపబాకు!"

అప్పటికి కెమెరా ఆన్ కాలేదు. పెళ్లిళ్లలో చుట్టాలు తగువు పెట్టుకుంటుంటే మేం అనే మాట అది. రోలింగ్ అంటే ఎవరైనా నోరు మూసి నవ్వుతారు. బావ కూడా నోరు మూశాడు. జర్మనీ ఆయన కెమెరా ఆన్ చేసి, కానిమ్మని చెయ్యి ఊపాడు. ఎండ వచ్చి బావ చేతి మీద పడింది. సుత్తి పడింది. దిమ్మ ఈ మూలనుంచి ఆ మూలకి అడ్డంగా పగిలి, నాలుగు ముక్కలై పక్కకి పడిపోయింది. దుమ్ము లేచి ఆ ఎండలో బంగారంలా నిలబడింది.

"వండర్‌ఫుల్" అన్నాడు జర్మనీ ఆయన, కెమెరా నుంచి కన్ను తియ్యకుండానే.

ఓనరు ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చాడు. అవతలి షెడ్డు నుంచి అందరూ వచ్చారు. "ఏమైంది?" అన్నాడు. బావ ముక్కల్ని చూస్తున్నాడు. సమాధానం చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పాను.

"కెమెరా చూసి చెయ్యి వణికింది సార్. అలవాటు లేదు గదా."

నలుగురూ నవ్వారు. బావ తన కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. రాయి బాగుందని చెప్పింది నేను, వాళ్లావిడ తమ్ముణ్ణి. నమ్మాడు. రాయి బాగుంటే తప్పు చేతిదే కదా.

ఎందుకు పగిలింది అని జర్మనీ ఆయన నన్ను అడిగితే రాయి మంచిది కాదు సార్ అన్నాను. ఓనరుకి చెయ్యి మంచిది కాదు, జర్మనీకి రాయి మంచిది కాదు. ఎవరికి ఏ అబద్ధం సరిపోతుందో అది కొలిచి ఇచ్చాను. ఆయన ఏడేళ్లు టేపు పట్టుకుని నేర్చుకున్న కొలతలు నాకు పుట్టుకతోనే వచ్చాయి.

మేస్త్రి పని ఇంకొకతనికి పోయింది. బావ చిన్న పలకలకి దిగిపోయాడు. పెద్ద దిమ్మ వస్తే ఏదో పని ఉన్నట్టు మూలకి పోయేవాడట. "ఫోటో తీస్తాండారు, చెయ్యి గట్టిగా పట్టుకో" అని అక్కడివాళ్లు ఆటపట్టించేవాళ్లు. అదే సమయంలో నేను బోర్డు రాయించాను. ఇప్పటికీ పెళ్లికొడుకుల్ని సాయంత్రం అయిదింటి దాకా ఎండ కోసం నిలబెడతాను. జర్మనీ టెక్నిక్ అంటాను. పంతులు ముహూర్తం దాటిపోతోందని మొత్తుకుంటాడు.

కార్యక్రమం వాళ్ల దేశంలో వచ్చాక ఆయన వీడియో పంపాడు. చివర పేర్లలో నా పేరు వెతుక్కున్నాను. ఉంది. దాని ముందున్న జర్మనీ మాటని ఫోనులో పెట్టి తెలుగులో చూస్తే "భోజన ఏర్పాట్లు" అని వచ్చింది. అయినా బోర్డు దించలేదు.

కొన్ని నెలల కిందట ఆయన ఇంకో వీడియో పంపాడు. ఇప్పుడు పని మానేశాడు, చేతికర్ర వచ్చింది. ఒక చిన్న హాల్లో ముప్పై నలభై మంది ముందు కూర్చుని తన పనంతా చూపిస్తూ మాట్లాడాడు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. మంచులో మనిషిని చూపించి, ఇది చూస్తూ మా అమ్మ కూడా నిద్రపోయింది అన్నాడు. పోలీసు శవాలని చూపించాడు, ఊపిరి ఎక్కడ దాచాడో చెప్పాడు. అందరూ నవ్వుతున్నారు. స్టూడియోలో ఒక్కణ్ణే కూర్చుని నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మా బావ చెయ్యి వచ్చింది. ఎండ, సుత్తి, పగులు, బంగారు దుమ్ము. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"దీనికి కొట్టకండి. మా దేశంలో పలకరాయితో ఇళ్ల కప్పులు వేసేవాడొకడు ఇది చూసి, రాయి ఎండిపోయింది, ఎండనిచ్చినవాడెవడు అని అడిగాడు. నేనే. నా వెలుతురు కోసం నేను వాళ్లని ఆపాను. ఆ మనిషి రాయి నావల్ల పగిలింది. ఆయన్ని నేను ఒక్క మాట కూడా అడగలేదు."

వీడియో ఆపేశాను. నా తప్పుని ఆయన తనదనుకుని ముప్పై మంది ముందు మోస్తున్నాడు. ఆయన ఆపమన్నది నిజమే, కానీ పట్టాలు తియ్యమని ఆయన అనలేదు. పైగా అవి ఏవని అడిగాడు. ఎక్కడో ఉన్న ముసలాయన, పేరు కూడా సరిగ్గా తెలియని మా బావ దగ్గర తప్పు ఒప్పుకుంటున్నాడు. నేను ప్రతి ఆదివారం ఆ బావ ఇంట్లోనే కూరన్నం తింటున్నాను.

అట్లాంటి ఆదివారమే వెళ్లాను. బావ దొడ్లో గొర్రెలకి నట్టల మందు పోస్తున్నాడు. నన్ను చూసి, "వచ్చినావా, ఈ పొట్టేలు కాళ్లు పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. అతను దాని నోరు తెరిచి సీసా వంచుతుంటే చెప్పేశాను. పట్టాలు తీసింది, రెండు గంటలు ఎండింది, పైన నీళ్లు చల్లింది, రోలింగ్ అని అబద్ధం చెప్పింది, ఓనరుతో అన్నది. పొట్టేలు తన్నుతోంది. నేను దాన్ని చూస్తూనే చెప్పాను.

బావ మందు పోయడం పూర్తి చేశాడు. సీసా గోడమీద పెట్టాడు.

"అంటే నా చెయ్యి వణకలేదా?"

"లేదు బావా."

"సుత్తి పట్టుకున్నప్పుడల్లా చూసుకుంటా ఉన్నా రా. వణుకుతాందా, లేదా అని. పొద్దున టీ గ్లాసు పట్టుకున్నా చూసుకుంటా ఉన్నా."

మా అక్క గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "నీ మొగం మండ! ఆయన పెద్ద రాయి పేరెత్తితే పక్కకి పోతాంటే వయసయిపోయిందేమో అనుకుంటి. నువ్వు మాత్రం బోర్డు కట్టుకొని కూసున్నావు. ఇంక ఈ ఇంట్లో నీకు కూడెవరు పెడతారో చూస్తా!"

"ఓనరుకి ఫోను చేసి చెప్తా బావా. కావాలంటే ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో వీడియో పెడతా."

"వీడియో వద్దు," అన్నాడు బావ. "ఆడ అన్నావు. ఆడనే చెప్పు. నోటితో. అందరూ ఉన్నప్పుడు."

పొట్టేలిని వదిలిపెట్టు, ఊపిరాడటం లేదు దానికి అని కూడా అన్నాడు. అప్పటిదాకా నేను పట్టుకునే ఉన్నాను.

మరుసటి రోజు పదకొండు గంటల టీ వేళకి ఫ్యాక్టరీకి వెళ్లాను. ఓనరు బయట కుర్చీలో ఉన్నాడు. మేస్త్రి, చీల్చేవాళ్లు, అంచులు అరగదీసే ఆడవాళ్లు గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. బావ అందరికన్నా వెనక కూర్చున్నాడు. వేల మంది పెళ్లివాళ్లకి మైకులో "అందరూ ఇటు చూడండి" అని చెప్పిన గొంతు నాది. ఆ రోజు మాత్రం రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాను.

"ఏందబ్బయ్య, పెండ్లి పత్రికా?" అంది ఒకామె.

మూడోసారి చెప్పాను. మొత్తం చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అదే కష్టంగా ఉండింది.

మొదట నోరు తెరిచింది మేస్త్రి, బావకి రావాల్సిన పని వచ్చినతను. "పలకలోళ్ల ఇంట్లో పుట్టి రాయి ఎండబెట్టినావా? మీ నాయన ఉండుంటే నిన్ను ఆ గోనెపట్టాలో చుట్టి కొట్టుండేవాడు."

"కొట్టుండేవాడు మామా."

"మరి ఇన్నేండ్లు ఏం పీకుతా ఉంటివి?"

ఆ ప్రశ్నకి జవాబు కొలవకుండానే ఇచ్చాను. "పేరు పడతాదని ఆశపడి చేసినా. పోతాదని భయపడి దాచినా" అన్నాను.

"ఏం పేరు?" అన్నాడు ఓనరు. భోజన ఏర్పాట్ల సంగతి కూడా చెప్పాను. అప్పుడు నవ్వారు. ఒకామె టీ పొలమారి దగ్గింది. బావ మాత్రం నవ్వలేదు.

"ఇప్పుడు చెప్తే నేనేం చెయ్యాలబ్బా?" అన్నాడు ఓనరు. "మేస్త్రిని మార్చలేను గదా. ఆయనా బాగానే చేస్తాండాడు." అది నిజమే. నేను చెప్పినంత మాత్రాన పోయిన ఏళ్లు తిరిగి రావు, మోకాళ్లూ బాగుపడవు. ఆ మాట ఓనరు నోటినుంచి మామూలుగా వచ్చింది, టీలో చక్కెర తక్కువైంది అన్నట్టు.

మేస్త్రి గ్లాసు కింద పెట్టి బావ వైపు తిరిగాడు. "అన్నా, మూల షెడ్డులో దిమ్మ ఒకటుంది. నేనూ ఇంకో ఇద్దరం చూసి వదిలేసినాం. పొర దొరకలా. చూస్తావా?"

బావ లేచాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా. అందరం వెనకే వెళ్లాం. అతను గోనెపట్టాలు తనే తీశాడు, కింద చెయ్యి పెట్టి తడి చూశాడు, దిమ్మ చుట్టూ తిరిగి నాలుగు పక్కలా తట్టాడు. ఒకచోట ఆగి రెండోసారి తట్టాడు. ఉలి పెట్టాడు.

నాకు తెలియకుండానే నా చెయ్యి జేబులోకి పోయి ఫోను బయటికి తీసింది. అప్పటికే అడ్డంగా తిప్పి పట్టుకున్నాను కూడా.

"లోపల పెట్టబ్బయ్యా దాన్ని!" అని అరిచింది టీ పొలమారినామె. "సిగ్గు లేదా నీకు?"

పెట్టేశాను. సుత్తి మెల్లగా, గట్టిగా కాకుండా, వరసగా పడింది. ఉలి కొంచెం కొంచెం జరిగింది. కాసేపటికి సన్నటి గీత దిమ్మ పొడుగునా పాకింది. బావ ఉలి తీసి, రెండు చేతుల వేళ్లూ ఆ గీతలో దూర్చి లేపాడు. పై పొర మొత్తం ఒకే ముక్కగా, మంచం మీద దుప్పటి తీసినట్టు లేచి వచ్చింది. మేస్త్రీ ఇంకొకతనూ చెరో పక్క పట్టుకుని గోడకి ఆనించారు.

బావ కుడిచేతిని పంచెకి తుడుచుకున్నాడు. దాన్ని చూసుకోలేదు. రెండో పొర కోసం ఉలి పెట్టి, అప్పుడు తలెత్తి నన్ను చూశాడు.

"చెప్పినావు గదా," అన్నాడు. "ఇంగ పో. వెలుతురుకి అడ్డం నిలబడినావు."

పక్కకి జరిగాను. సరిపోలేదని చెయ్యి ఊపాడు. గేటు దాకా జరిగాను.